తోక కత్తిరించిన చేప

నాలుగో రోజు కూడా అత్తగారి కంచం కడిగింది కడిగినట్టే గూట్లో ఉండిపోయింది.

"ఆకలి లేదు" అనడం తప్ప ఆవిడ ఇంకో మాట అనలేదు. పొద్దున ఒక గ్లాసు పాలు, సాయంత్రం ఒక గ్లాసు పాలు. మిగతా రోజంతా కిటికీ పక్కన కుర్చీలో కూచునేది. ఎవరైనా గదిలోకి వస్తే వాళ్ళ మొహం చూడకుండా వాళ్ళ వెనకున్న తలుపువైపు చూసేది.

"వెళ్ళనన్నాక వెళ్ళను. ఎన్నిసార్లు అడుగుతావ్?" వంటగదిలో ఆవిడ చిన్నకొడుకు, లెక్కల మాస్టారు, గొంతు తగ్గించి అరిచాడు. గొంతు తగ్గించి అరవడం ఆయనకి బళ్ళో, పరీక్షల గదుల్లో అలవాటైన విద్య.

"నేను ఒక్కసారే అడిగాను" అంది చిన్నకోడలు. "మిగతావన్నీ మీకు మీరే చెప్పుకుంటున్నారు."

"తల్లి బతికుందో లేదో రెండేళ్ళు కనుక్కోనివాడు, ఇవాళ భోజనానికి రమ్మంటే పరిగెత్తుకెళ్ళాలా?"

"పిలిచింది కన్నకొడుకు. వెళ్ళాలనున్నది కన్నతల్లికి. మధ్యలో మీకేంటండీ?"

మాస్టారు కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. కడగాల్సినంత మురికి ఆ చేతులకి లేదు.

రెండేళ్ళ కిందట ఆ ఇంట్లో జరిగిన గొడవకి కారణం కింది వాటా. తండ్రి పోయాక ఆయన గడియారాల కొట్టు మూతపడింది. ఆ వాటాలో హోటల్ పెడతానన్నాడు పెద్దకొడుకు. గడియారాలు మోగిన చోట గరిటెలు మోగడానికి వీల్లేదంది తల్లి. "ఈ గడప మళ్ళీ తొక్కితే అడుగు" అని పెద్దవాడు భార్యని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. అన్నంతపనీ చేశాడు, తొక్కలేదు. రెండు నెలల కిందట రేవు రోడ్డులో అద్దె ఇంట్లో చేపల హోటల్ పెట్టాడని నలుగురూ అనుకుంటే తెలిసింది. మొన్న బుధవారం పెద్దకోడలు ఫోన్ చేసింది. "ఆదివారం సాయంత్రం ముగ్గురూ భోజనానికి రావాలట. ఆయన చెప్పమన్నారు" అని పెట్టేసింది.

ఆ రాత్రి నుంచే మాస్టారు వెళ్ళొద్దంటున్నాడు. ఆ రాత్రి నుంచే ఆవిడకి ఆకలి లేదు.

"చిన్నోడా!" లోపలి గదిలోంచి పిలుపు వినబడింది. నాలుగు రోజుల్లో అదే మొదటి పిలుపు. "నాకోసం ఎవరూ రానక్కర్లేదు. నేనొక్కదాన్నే వెళ్తాను. దారి తెలీదు, అడుక్కుంటూ వెళ్తాను. ఇద్దరు కొడుకులున్న తల్లి రేవు రోడ్డులో దారి అడుక్కుంటోందని నలుగురూ చూస్తారు. చూడనీ."

చిన్నకోడలికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. మాస్టారు తడిచేతులతోనే గోడకి ఆనుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మన్నారట?" అన్నాడు చివరికి.

* * *

పెద్దవాడి హోటల్ ఒక తాళ్ళ దుకాణానికీ, పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డుకీ మధ్య ఉంది. ఆరున్నరకి వెళ్ళారు. ఇంకా వెలుతురు ఉంది. ఆ వెలుతురులో గోడల నీలం రంగు అతుకులు అతుకులుగా కనిపిస్తోంది. పైన ప్లాస్టిక్ వల, వలలో ప్లాస్టిక్ నక్షత్రాలు. గుమ్మం పక్కన పెద్ద గాజుతొట్టి. అందులో నీళ్ళున్నాయి, బుడగలున్నాయి, చేపల్లేవు.

పదకొండు బల్లలు. కిటికీ పక్క బల్ల దగ్గర మాత్రం ఒక కుటుంబం కూచుంది. తల్లీ తండ్రీ, ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి ఆరేళ్ళుంటాయేమో, చేతిలో ఫోర్కు పట్టుకుని బల్ల మీద దరువు వేస్తోంది.

పెద్దవాడు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రెండేళ్ళలో పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. తల్లి ముందు నిలబడ్డాడు.

"లోపలికి రామ్మా" అన్నాడు.

"లోపలే ఉన్నాను కదరా" అంది ఆవిడ.

అంతే. రెండేళ్ళ మౌనం ఆ రెండు మాటలతో తెగిపోయింది. ఇలాంటివి ఏడుపులతో తెగుతాయని చిన్నకోడలు అనుకునేది. తెగడానికి ఏడుపు అవసరం లేదని తెలిసి ఆమెకి కొంచెం చప్పగా అనిపించింది.

అన్నదమ్ములిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. "బాగున్నావా" అని పెద్దవాడు అనలేదు, చిన్నవాడూ అనలేదు. రెండేళ్ళ తర్వాత కలిసినవాళ్ళు కనీసం ఆ మాటైనా అనుకుంటారు. చిన్నకోడలు అది గమనించింది. గమనించి, కోపాలు ఇంకా చల్లారలేదు కాబోలనుకుని ఊరుకుంది.

గల్లాపెట్టె దగ్గర కూచున్న పెద్దకోడలు లేచి వచ్చింది. "చెల్లీ, చిక్కిపోయావే" అంది.

"నీ హోటల్లో తినడానికే అక్కా, ఖాళీ ఉంచుకున్నాను" అంది చిన్నకోడలు.

ఆ ఖాళీ నిండే సూచనలు మాత్రం కనబడలేదు. మొదట సూప్ వచ్చింది. గోరువెచ్చగా, పిండి ఉండలు తేలుతూ. రొట్టె నిన్నటిది. రొయ్యలు నములుతుంటే రబ్బరు ముక్కలు సాగుతున్నట్టు సాగాయి. పీతని పగలగొట్టడానికి మాస్టారు పది నిమిషాలు పోరాడాడు. తీరా పగిలాక లోపల పీత లేదు, పెంకు మాత్రమే ఉంది. కిటికీ పక్క బల్ల దగ్గర తండ్రి కూడా అదే యుద్ధంలో ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తోటి సైనికుల్లా తల పంకించారు.

ప్రతి వంటకానికీ పెద్దవాడు పక్కనే నిలబడి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"బాగుంది నాయనా" అని ప్రతిసారీ అంది ఆవిడ. సూప్‌కీ అదే మాట, రబ్బరుకీ అదే మాట, పెంకుకీ అదే మాట.

"అసలుది ఇంకా రాలేదు" అన్నాడు పెద్దవాడు. మొదటిసారి కళ్ళలో మెరుపు వచ్చింది. "చందువ. మనిషికొకటి, చేపకి చేప. పొద్దున పడవ దిగిన సరుకు. నా చేత్తో నేనే వేయించాను."

"అమ్మకి నూనెది వద్దన్నయ్యా" అన్నాడు మాస్టారు గబుక్కున. "నాలుగు రోజుల ఖాళీ కడుపు. సూప్ చాలు."

"నోర్ముయ్యి చిన్నోడా. నా కొడుకు చేతి చేప నేను తినకుండా ఎవడాపుతాడో చూస్తాను" అంది ఆవిడ.

పొడుగాటి పళ్ళేల్లో మూడు చేపలు వచ్చాయి. బంగారురంగులో వేగి, మీద వెల్లుల్లి, పక్కన నిమ్మచెక్కలు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. అత్తగారు రెండు వేళ్ళతో తుంచి నోట్లో పెట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత మొదటి ముద్ద. కళ్ళు మూసుకుని నమిలింది.

"ఎలా ఉందమ్మా?"

"ఇదిరా భోజనమంటే" అంది.

ఈసారి ఆ మాట అబద్ధం కాదని ఆవిడ మొహం చెప్పింది. పెద్దవాడు ఇంకా తినమన్నట్టు పళ్ళెం ముందుకి జరిపి, కళ్ళు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

చిన్నకోడలు తన చేపని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

చేపల శీతలగిడ్డంగిలో ఆమె సరుకు పరీక్షించే ఉద్యోగి. పదమూడేళ్ళుగా అదే పని. కన్ను తేటగా ఉందా, మసకేసిందా. మొప్ప ఎర్రగా ఉందా, గోధుమరంగుకి తిరిగిందా. వేలితో నొక్కితే కండ మళ్ళీ లేస్తోందా, సొట్ట అలాగే ఉండిపోతోందా. అన్నిటికన్నా ముందు, వాసన. అక్కడ హమాలీల దగ్గర్నుంచి మేనేజరు దాకా ఆమెని "ముక్కు మేడం" అంటారు. ఎదురుగా కూడా అంటారు. ఆమె ఏమీ అనుకోదు.

ఇప్పుడు ఆ ముక్కుకి వెల్లుల్లి, నిమ్మ తప్ప ఇంకేం తగల్లేదు. కావాలని దట్టించినట్టుంది అనుకుంది. వేలితో వెన్ను పక్కన నొక్కింది. కండ లేవలేదు, పిండిలా విడిపోయింది. ఒకసారి గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టిన చేప అలా విడిపోతుంది. పొద్దున పడవ దిగిన చేప విడిపోదు.

అప్పుడు తోక చూసింది.

చందువ తోక రెండు పాయలుగా ఉంటుంది. ఆ చేపకి కింది పాయ పొడుగ్గా ఉంది. పై పాయ సగానికి, ఏటవాలుగా తెగి ఉంది. నూనెలో వేగి అంచు ముడుచుకున్నా ఆ తెంపు కత్తెరదేనని తెలుస్తూనే ఉంది. ఆమె అత్తగారి పళ్ళెంలోకి చూసింది. అలాగే ఉంది. భర్త పళ్ళెంలోకి చూసింది. అలాగే ఉంది.

గిడ్డంగిలో పనికిరాదని పక్కన పెట్టిన ప్రతి చేపకీ తోక పై పాయ అలాగే కత్తిరిస్తారు. ఎవరూ దొంగచాటుగా బజారుకి తీసుకుపోకుండా. ఆ పద్ధతి పెట్టిందీ, కుర్రాళ్ళకి కత్తెర పట్టుకోవడం నేర్పిందీ ఆమే. పోయిన మంగళవారం కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, తొమ్మిది గంటలపాటు రెండో గది కరిగిపోయింది. ఆ గదిలో నలభై ట్రేల చందువ. మొత్తం తోకలు కత్తిరించి ఎరువుల మిల్లుకి పంపమని తనే రాసింది.

తలప్రాణం తోకకి రావడం అంటే ఏంటో ఆమెకి ఆ పూట తెలిసింది.

"అత్తయ్యా" అంది మెల్లగా. "అది తినకండి."

"ఏం?"

"చెప్తాను. ముందు చెయ్యి తియ్యండి."

"చూడమ్మాయ్, ఇప్పుడు నువ్వు కూడా వాడి పాట పాడకు" అంటూ అత్తగారు ఇంకో ముక్క తుంచింది. చిన్నకోడలు పళ్ళెం పట్టుకుని తనవైపు లాగేసింది. నిమ్మచెక్క దొర్లి కింద పడింది. ముసలావిడ వేళ్ళు గాల్లో అలాగే ఉండిపోయాయి. పన్నెండేళ్ళ కాపురంలో ఆ కోడలు ఆ అత్తగారి ముందునుంచి ఏదీ లాక్కోలేదు.

"ఏంటే ఈ పని?" అన్నాడు మాస్టారు. అన్నాడే గానీ ఆ గొంతులో కోపం లేదు. ఆమె ఆయన పళ్ళెం చూసింది. చేప మీద చెయ్యి పడిన గుర్తే లేదు.

ఇంతలో పెద్దకోడలు రెండు చేతుల్లో రెండు పొడుగాటి పళ్ళేలతో పక్కనుంచి వెళ్ళింది, కిటికీ పక్క బల్లవైపు. ఫోర్కు దరువు జోరందుకుంది.

ఇంటి పళ్ళెం ఇంటివాళ్ళు లాక్కోవడం ఇంటి సంగతి. దాన్ని ఎలాగోలా సర్దుకోవచ్చు. కడుపునొప్పి అనో, తలనొప్పి అనో చెప్పి అందర్నీ బయటికి తీసుకుపోవచ్చు. చిన్నకోడలు ఒక్క క్షణం ఆ దారి చూసుకుంది. ఆ క్షణంలో పెద్దపిల్ల చేపని రెండుగా విరిచి సగం చెల్లెలి పళ్ళెంలో పెడుతోంది.

ఆమె లేచింది. నాలుగడుగుల్లో ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏమనుకోకండి. ఆ చేప పిల్లలకి పెట్టకండి. మీరూ తినకండి. సరుకు బాగాలేదు."

ఆ తండ్రి ఆమెని కింది నుంచి పైదాకా చూశాడు. "మీరెవరు?"

"చేపలు పరీక్షించే ఉద్యోగం నాది."

"అంటే ఈ హోటల్‌ని తనిఖీ చెయ్యడానికొచ్చారా?"

"కాదు. భోజనానికొచ్చాను. ఆయన మా బావగారు."

ఆ చివరి మాటే ఆ తండ్రిని నమ్మించినట్టుంది. పిల్లల పళ్ళేలు దూరంగా నెట్టేశాడు. చిన్నది ఏడుపు లంకించుకుంది. అయిదు నిమిషాల్లో కిటికీ పక్క బల్ల ఖాళీ అయింది. వెళ్తూ వెళ్తూ ఆ తల్లి గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రాబోతున్న మరో ఇద్దరికి ఏదో చెప్పింది. వాళ్ళు తాళ్ళ దుకాణం వైపు మళ్ళిపోయారు.

* * *

"నన్ను చంపెయ్యాల్సింది" అన్నాడు పెద్దవాడు. "అంతకన్నా అదే నయం."

వంటగదిలో నిలబడ్డారు ఐదుగురూ. అత్తగారికి ఒక నూనె డబ్బా బోర్లించి కూచోబెట్టారు. పొయ్యి మీద మూకుడు ఇంకా చిటపటమంటోంది. ఆపాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

"బావగారూ, ఈ సరుకు పొద్దున పడవ దిగింది కాదు."

"కాదు. ఆ మాట గొప్పకి చెప్పాను. ఫ్రీజరు సరుకే. అందరూ ఫ్రీజరు సరుకే వాడతారు. అది నేరమా?"

"తోకలు చూడలేదా మీరు?"

"చూశాను. లెక్కకోసం కత్తిరిస్తారని చెప్పాడు డ్రైవరు."

"ఏ డ్రైవరు?"

"మీ గిడ్డంగి లారీ డ్రైవరే. ఎరువుల మిల్లుకి తోలేవాడు."

"ఎరువుల మిల్లుకి తోలేవాడు తెచ్చిన చేపలు మనుషులకి పెట్టారా!"

"మంచి సరుకేనన్నాడు. ఇంట్లో మనిషిని నమ్మినట్టు నమ్మాను. నమ్మక ఏం చెయ్యను? కాగితం కూడా ఉంటేనూ!" పెద్దవాడు చిన్నకోడలివైపు తిరిగాడు. "తెలిసి మా అమ్మకి పెడతానా? నువ్వే చెప్పమ్మా. రెండేళ్ళ తర్వాత వచ్చిన మా అమ్మకి, తెలిసి తెలిసి, నా చేత్తో నేను పెడతానా?"

చిన్నకోడలు ఆయన మొహంలోకి చూసింది. పదమూడేళ్ళుగా చేపల కళ్ళు చూసి నిజం తేల్చడం ఆమె వృత్తి. మనుషుల కళ్ళ విషయంలో ఆ నేర్పు పనికొస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నమ్మింది. తెలిసి పెట్టలేదు.

"ఇంతకుముందు ఎన్ని వడ్డించారు?" అని అడిగింది.

పెద్దవాడు నేల చూశాడు. పెద్దకోడలు వేళ్ళు మడిచింది. "పదకొండు" అంది. "చెల్లీ, పదకొండు చేపలు. వాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో కూడా..." అప్పుడు గుర్తొచ్చినట్టు పొయ్యి ఆపింది.

"కాగితం అన్నారు. ఏ కాగితం?"

పెద్దకోడలు గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన కాగితం తెచ్చింది. "తనిఖీవాళ్ళు వస్తే చూపించమన్నారు" అంది. ఎవరన్నారో చెప్పలేదు.

గిడ్డంగి ఫారమే. పైన ముద్ర, కింద ముద్ర. సరుకు: చందువ. గది: రెండు. ట్రేలు: ఏడు. పరీక్షించిన తేదీ: పదిహేడు. నాణ్యత: ఉత్తమం. అడుగున సంతకం.

దొంగ సంతకమేమో అనుకుని వెలుతురులోకి పట్టి చూసింది. కాదు. తనదే. చివరి అక్షరం దగ్గర కలం ఆగి సిరా కాస్త ఊరిన చుక్కతో సహా తనదే.

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. మార్చిలో అత్తగారి కంటి ఆపరేషన్‌కి వారం సెలవు పెట్టింది. తను లేనప్పుడు పని ఆగిపోకూడదని ఆరు ఖాళీ ఫారాల మీద ముద్రలు వేసి సంతకాలు చేసింది. అందరూ చేస్తారు. నాలుగు వాడారు. రెండు మిగిలాయి. ఆ రెండూ తిరిగి ఇచ్చేశారు, ఇంటికి తెచ్చి ఫైల్లో పెట్టి మరిచిపోయింది.

సంతకం తనది. పైన నింపిన రాత తనది కాదు. గుండ్రంగా, పొందిగ్గా, నల్లబల్ల మీద రాసి రాసి అలవాటైన రాత. ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డంగా చిన్న గీత. పిల్లలు ఒకటికీ ఏడుకీ తికమకపడకూడదని అలా గీస్తారు.

ఆమె కాగితం దించింది. మాస్టారు గుమ్మానికి ఆనుకుని, వేలితో తలుపుచెక్క మీద రంగు గీకుతున్నాడు.

"ఏవండీ" అంది. "ఏడుకి అడ్డగీత గీసేవాళ్ళు మనింట్లో ఎవరు?"

మాస్టారు గీకడం ఆపాడు.

"వాణ్ణేమీ అనకమ్మా" అన్నాడు పెద్దవాడు. "నేనే అడిగాను. ఏడాదిగా వాడొక్కడే నా మొహం చూస్తున్నాడు. ప్రతి శనివారం వచ్చేవాడు. కాగితం లేకపోతే హోటల్ మూయిస్తారని ఏడిస్తే, మొన్న బుధవారం సాయంత్రం తెచ్చిచ్చాడు."

"ప్రతి శనివారం" అంది చిన్నకోడలు. శనివారాలు ప్రైవేటు పాఠాలని ఆమెకి తెలుసు. తెలుసని అనుకుంది.

"సరుకు సంగతి మీకెప్పుడు తెలిసింది?" భర్తనే అడిగింది.

"నువ్వే చెప్పావుగా" అన్నాడు మాస్టారు. "బుధవారం రాత్రి. రెండో గది కరిగిపోయిందనీ, చందువంతా పారేశామనీ. అప్పటికే కాగితం ఇచ్చేశాను."

"అన్నయ్యకి చెప్పలేదా?"

"గురువారం వచ్చాను చెబుదామని. అమ్మ వస్తోందని గోడలకి రంగు వేయిస్తున్నాడు. నా చేతిక్కూడా ఒక కుంచె ఇచ్చాడు. నోరు రాలేదు."

పెద్దవాడు తమ్ముడివైపు తిరిగాడు. కొడతాడనుకున్నారు అందరూ. కొట్టలేదు. మూకుడులోని నూనె తీసుకెళ్ళి తూములో పోశాడు.

అత్తగారు నూనె డబ్బా మీదనుంచి లేచింది. "పదండి, ఇంటికెళ్దాం" అంది. ఇద్దరు కొడుకుల్లో ఏ ఒక్కరి మొహమూ చూడకుండా అంది.

* * *

సోమవారం ఏడింటికల్లా చిన్నకోడలు బస్టాపులో ఉంది. మాస్టారు ఇంట్లో తువ్వాలు భుజాన వేసుకుని, స్నానానికి వెళ్ళకుండా, అరగంట నుంచి అలాగే నిలబడి ఉన్నాడు. బయల్దేరుతుంటే ఒకే ఒక్క మాట అన్నాడు. "ఒక్కరోజు ఆగలేవా?"

"పదకొండు పళ్ళేలు ఆగుతాయేమో అడిగి చెప్పండి" అని చెప్పులు వేసుకుంది.

రాత్రి అత్తగారికి ఏమీ కాలేదు. రెండు ముద్దలే గనక, గట్టి ఒళ్ళు గనక. గంటకోసారి వెళ్ళి చూసింది చిన్నకోడలు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ మెలకువగానే ఉంది.

గిడ్డంగికి వెళ్ళే బస్సు ఇంకా రాలేదు. సంచిలో కాగితం ఉందో లేదో చూసుకుందామని జిప్పు తీసింది. టిఫిన్ డబ్బా ఉంది. గొడుగుంది. కళ్ళజోడుంది. ప్లాస్టిక్ కవరు లేదు. రెండోసారి వెతికింది. మూడోసారి సంచి మొత్తం బెంచీ మీద గుమ్మరించింది.

"అది నా దగ్గరుందమ్మాయ్."

అత్తగారు. ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, కాస్త ఆయాసపడుతూ నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. వచ్చి బెంచీ మీద, గుమ్మరించిన సామాను పక్కన కూచుంది.

"ఇచ్చెయ్యండి అత్తయ్యా" అంది చిన్నకోడలు. "మీ కొడుకుల్ని కాపాడదామని మీకుంటుంది. కాదనను. కానీ ఇది చింపేస్తే ఆగేది కాదు."

"చింపేదాన్నయితే పొయ్యిలో పెట్టేసి పడుకునేదాన్ని. ఇంతదూరం ఎందుకు నడిచొస్తాను?" ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకుని చదును చేసింది. "కళ్ళు బాగుచేయించావు కదా, రాత్రి కూచుని చదివాను. రాత చిన్నోడిది. చేపలు పెద్దోడివి. సంతకం ఎవరిదమ్మాయ్?"

చిన్నకోడలు సామాను తిరిగి సంచిలో వేసుకుంటోంది. గొడుగు వేసింది. కళ్ళజోడు వేసింది.

"రాత్రి ఇంటికొచ్చేదాకా చిన్నోణ్ణి నిలదీశావు. పెద్దోణ్ణి నిలదీశావు. ఆ ఖాళీ కాగితం మీద సంతకం ఎవరు పెట్టారో మాత్రం ఎత్తలేదు. వాళ్ళకి తోచలేదు. నాకు తోచింది. పెట్టింది నువ్వేనా?"

"నేనే" అంది చిన్నకోడలు.

"నాకోసం సెలవు పెట్టినప్పుడా?"

"అవును."

ముసలావిడ తలూపింది. రోడ్డు మలుపు దగ్గర బస్సు కనిపించింది. ముందు అద్దం మీద ఎండ పడి, నంబరు కనపడ్డంలేదు.

"నేనూ వస్తాను. తిన్నదాన్ని నేనున్నాను కదా, చెప్తాను. ఎవరు పెట్టారో కూడా చెప్తాను" అంది ఆవిడ. "కానీ ఈ బస్సెక్కేముందు నాకొకటి తెలియాలి. ఆ మేనేజరు బల్ల ముందు నిలబడ్డాక, మొదట ఎవరి పేరు చెప్తావు?"

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"నాదే" అంది చిన్నకోడలు.

అత్తగారు కవరు అందించింది. చిన్నకోడలు పట్టుకుంది. ముసలావిడ వేళ్ళు మాత్రం వదల్లేదు. ఆ పేరు తర్వాత వచ్చే రెండు పేర్లూ ఆవిడ కన్నకొడుకులవి.

"ఎక్కుతారా లేదా?" అని కేకేశాడు కండక్టరు.